బుర్కినా ఫాసో: పెరిగిన సాగు, కరిగిన బీడు

రెండు తెలుగు రాష్ట్రాలను కలిపితే ఎంత నేల అవుతుందో, పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో ఇంచుమించు అంతే ఉంటుంది. దాదాపు 2.74 లక్షల చదరపు కిలోమీటర్లు. సముద్రతీరం లేదు, చెప్పుకోదగ్గ పర్వతాలు లేవు. ఏడాదిలో నాలుగైదు నెలలు పడే వానే సేద్యానికి ఆధారం. ఉత్తరాన సాహెల్, అంటే సహారా ఎడారికి దక్షిణాన ఉండే మెట్ట పట్టీ, అంచుల్లో ఆ వాన 600 మిల్లీమీటర్ల లోపు, దక్షిణాన 900 పైన. పండేది జొన్న, సజ్జ, మొక్కజొన్న, పత్తి, వేరుశనగ. పిండిని ఉడికించి గట్టిగా కెలికి చేసే ముద్దను అక్కడ ‘తో’ అంటారు. రాయలసీమ మనిషి ముందు పెడితే పేరు అడగకుండానే పచ్చడి వేయించుకుని తినేస్తాడు. ఆ మాటకొస్తే సజ్జకు పుట్టిల్లు ఆ సాహెల్ ప్రాంతమే. కొన్ని వేల ఏళ్ల కిందట అక్కడ సాగులోకి వచ్చాకే అది మన దేశం చేరింది.

ఈ దేశపు వ్యవసాయ భూమి లెక్క అంతర్జాతీయ పట్టికల్లో చాలా తేలికగా కనిపిస్తుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అంకెల ప్రకారం 1961లో దేశ భూభాగంలో దాదాపు 30 శాతం వ్యవసాయ భూమి. ఇటీవలి సంవత్సరాల్లో అది సుమారు 44 శాతం. హెక్టార్లలో చెప్పుకుంటే 81 లక్షల నుంచి 1.21 కోట్లకు. జనాభా కూడా అలాగే పెరిగింది. 1960లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి 50 లక్షల లోపు ఉన్నవారు 2019 జనగణన నాటికి 2.05 కోట్లయ్యారు. ఈ రెండు గీతలనూ పక్కపక్కన పెడితే కథ తనంతట తానే తయారవుతుంది: నోళ్లు పెరిగాయి, అడవి కొట్టారు, పొలం చేశారు.

ఈ కథను పూర్తిగా కొట్టిపారేయలేం. అయితే ఆ పట్టికను కాస్త విప్పి చూసినవారికి మొదట అనుమానం కలిగించేది పెరిగే గీత కాదు, కదలని గీత.

‘వ్యవసాయ భూమి’ అనే ఆ ఒక్క అంకెలో మూడు వేర్వేరు భూములున్నాయి. ఒకటి దున్ని పంట వేసే భూమి. రెండోది మామిడి, జీడిమామిడి వంటి శాశ్వత తోటలు. బుర్కినాలో ఇది లెక్కలోకి రానంత కొద్ది. మూడోది శాశ్వత పచ్చిక, అంటే పశువులు మేసే బయళ్లు. ఈ మూడో వరుసలో 1961 నుంచి దశాబ్దాల తరబడి ఒకే అంకె కనిపిస్తుంది: 60 లక్షల హెక్టార్లు. కరువులు వచ్చాయి, ప్రభుత్వాలు కూలాయి, దేశం పేరే మారింది, మంద పశువులు ఎన్నో రెట్లయ్యాయి. పచ్చిక బయలు మాత్రం ఒక్క ఎకరం తగ్గలేదు, ఒక్క ఎకరం పెరగలేదు! ఎవరో ఒకసారి అంచనా కట్టారు, తర్వాతివారు దాన్నే దించుకుంటూ వచ్చారు. వేరే అర్థం నాకు తోచడం లేదు. అంటే మనం 44 శాతం అని చదువుతున్న దానిలో దాదాపు సగం, కొలిచిన అంకె కానే కాదు.

కదిలిందంతా దున్నే భూమి. 1960ల మొదట్లో 20 లక్షల హెక్టార్లకు కాస్త పైన ఉన్నది, ఈ శతాబ్దం మొదటి దశకంలో జోరందుకుని 60 లక్షల చుట్టుపక్కలకు చేరింది. మూడు రెట్లు. ఈ 40 లక్షల హెక్టార్లు ఎక్కడి నుంచి వచ్చాయి? పట్టిక ప్రకారం పచ్చికలోంచి రాలేదు, అది కదల్లేదు కదా. అడవిలోంచి కొంత వచ్చింది. మిగిలినది ఏ ఖాతాలోంచి వచ్చిందో తెలియాలంటే బీడు సంగతి తెలియాలి.

ఐదేళ్ల గీటు

మన దగ్గర గ్రామ లెక్కల్లో బీడుకు వయసు ఉంటుంది. ఈ ఏడు మాత్రమే సాగు చేయనిది ఒక ఖాతా, ఏడాది దాటి ఐదేళ్ల లోపు వదిలేసినది ఇంకో ఖాతా, అంతకు మించితే మరో ఖాతా. అంతర్జాతీయ లెక్కలోనూ ఇలాంటి ఐదేళ్ల గీటు ఒకటుంది. ఐదేళ్ల లోపు బీడు పెట్టిన నేల ‘దున్నే భూమి’లోకే వస్తుంది. ఐదేళ్లు దాటితే ఆ ఖాతాలోంచి బయటకు పోతుంది. పోడు పద్ధతిలో వదిలేసిన నేలను దున్నే భూమిగా చూడకూడదని నిర్వచనంలోనే ఉంది.

ఇది గుమాస్తాల గొడవలా అనిపించవచ్చు. కానీ బుర్కినా రైతు పాత సేద్యమంతా ఈ గీటుకు అటూ ఇటూ నడిచింది. మోసీ ప్రజల పల్లెల్లో చేలు మూడు వలయాలుగా ఉండేవి. ఇంటి గోడలను ఆనుకుని ఒక వలయం. ఇంటి చెత్త, బూడిద, పేడ అన్నీ అక్కడే పడతాయి కాబట్టి ఏటా పంట. మన పాటి నేల లాంటిది. దాని చుట్టూ ఊరి చేలు. ఆపైన అడవి చేలు. ఈ మూడో వలయంలో నాలుగైదేళ్లు పండించి, నేల అలసిందనిపించగానే వదిలేసి, పక్క చెక్కకు జరిగేవారు. వదిలిన చెక్క పది పదిహేనేళ్లు పడుకుని లేచేది.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. వాళ్ల చేతిలో 20 హెక్టార్లుంది. ఏ చెక్కనైనా ఐదేళ్లు పండిస్తారు, పదిహేనేళ్లు వదిలేస్తారు. ఏ ఏడు చూసినా 5 హెక్టార్లలో పంట ఉంటుంది, ఇంకో 5 హెక్టార్లు ఐదేళ్ల లోపు బీడు, మిగిలిన 10 హెక్టార్లు ముదురు బీడు. నిర్వచనం ప్రకారం వీళ్ల దున్నే భూమి 10 హెక్టార్లు. మనవలు పంచుకునేనాటికి బీడు పెట్టే స్తోమత ఎవరికీ లేదు. ఉన్నదంతా ఏటా దున్నుతున్నారు. ఇప్పుడు దున్నే భూమి 20 హెక్టార్లు. లెక్క రెట్టింపయింది. పంట పడే నేల నాలుగు రెట్లయింది. కుటుంబం హద్దు మాత్రం ఒక్క అడుగు కూడా ముందుకు జరగలేదు, ఎవరి అడవిలోకీ గొడ్డలి వెళ్లలేదు.

పట్టికలో మనం ‘విస్తరణ’గా చదివే దానిలో పెద్ద భాగం ఇదే. బయటి నేల లోపలికి రాలేదు, లోపలి నేల విశ్రాంతి పోగొట్టుకుంది.

బీడు అన్న మాటలో మనకు ఒక చులకన ఉంది. ఏమీ పండనిది, ఎవరికీ పట్టనిది అనే భావం. బుర్కినాలో ముదురు బీడు అంటే ఇంటికప్పుకూ తడికలకూ గడ్డి, వంటచెరకు, మందు వేర్లు, మేత, అన్నిటికీ మించి షియా చెట్టు. ముఖానికి రాసుకునే ఖరీదైన క్రీముల డబ్బాల మీద కనిపించే షియా వెన్న ఈ చెట్టు గింజల్లోంచి వచ్చేదే. మన ఇప్ప, సపోటాల కుటుంబానికి చెందిన చెట్టు. ఇప్ప పలుకుల నుంచి నూనె తీసినట్టే అక్కడి ఆడవాళ్లు షియా గింజలు ఏరి, ఎండబెట్టి, దంచి, వేయించి వెన్న తీస్తారు. చేను దున్నేటప్పుడు రైతు ఈ చెట్టును కొట్టడు. అందుకే అక్కడి పొలాలు మన చేలలా బోడిగా ఉండవు, చెట్ల నీడలు చుక్కలు చుక్కలుగా పడి ఉంటాయి. కానీ ఎదిగిన చెట్టును వదిలేయడం వేరు, మొలకను బతకనివ్వడం వేరు. షియా మొలక నిలదొక్కుకోవాలంటే నాగలీ పారా తగలని కొన్నేళ్లు కావాలి, కాపుకు రావడానికి పదిహేను ఇరవై ఏళ్లు పడుతుంది. ఆ తీరిక బీడులోనే దొరికేది. బీడు పోయిన ఊళ్లలో చెట్లు ఉన్నాయి, కానీ ముసలివి. చెట్ల సంఖ్య లెక్కపెట్టే సర్వేకు ఇప్పటికిప్పుడు ఏ తేడా కనిపించదు.

ఇక ఫులానీ పశుపాలకులు. వాళ్ల మందలు వానాకాలంలో ఉత్తరానికీ, ఎండాకాలంలో దక్షిణానికీ తిరుగుతాయి. మన పల్లెల్లో కోతలయ్యాక గొర్రెల మందను పొలంలో కట్టించుకుని, ఎరువుకు బదులు కాపరికి గింజలు కొలిచే అలవాటు తెలిసినవారికి అక్కడి ఏర్పాటు విడమరిచి చెప్పనక్కర్లేదు. పంట కోసిన చేనులోకి మంద వస్తుంది, మోళ్లు మేస్తుంది, పేడ వేస్తుంది. కాపరికి ధాన్యం, రైతుకు ఎరువు. అదే చేను జూలైలో ‘దున్నే భూమి’, జనవరిలో ‘పచ్చిక’. పట్టికలో మాత్రం ఏదో ఒక గడిలోనే ఉండాలి. ముదురు బీడు మంద దారి కూడా. ఆ దారుల మీద చేలు పడ్డాక మంద పైరు తొక్కకుండా నీళ్ల దగ్గరకు పోలేదు. రైతులకూ కాపరులకూ మధ్య తగాదాలు మొదలైంది అక్కడే. తర్వాతి కాలంలో సాయుధ ముఠాలు వాడుకున్న పగల్లో ఇదొకటి.

ఈగ ఖాళీ చేయించిన లోయలు

కొత్త నేల ఏమీ రాలేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. వచ్చింది. అందులో ఒక ముక్క చరిత్ర మాత్రం వింతగా ఉంటుంది.

1970ల మొదట్లో ఆ దేశం పేరు అప్పర్ వోల్టా. దాని నడుమ మూడు నదులు పారతాయి. నల్ల వోల్టా, తెల్ల వోల్టా, ఎర్ర వోల్టా. ఇప్పుడు వాటి పేర్లు మూహూన్, నకాంబే, నజినోన్. పై మిట్టల మీద జనం ఇరుక్కుని, అలసిన నేలను గీరుతుంటే, ఈ నదుల పక్కన మంచి మట్టి ఉన్న లోయలు ఖాళీగా పడి ఉండేవి. కారణం ఒక చిన్న నల్ల ఈగ. వేగంగా పారే నీళ్లలో గుడ్లు పెడుతుంది. కుట్టినప్పుడు ఒంట్లోకి ఒక పురుగును వదులుతుంది. ఏళ్ల తరబడి కుట్టించుకున్నవాడికి చర్మం పాడై, చివరికి చూపు పోతుంది. నది అంధత్వం అంటారు. నదికి దగ్గరగా ఉన్న కొన్ని ఊళ్లలో పెద్దవాళ్లను పిల్లలు కర్ర పట్టుకుని నడిపించేవారు. చేసేవాళ్లు తగ్గి, ఊరు క్షీణించి, మిగిలినవారు మిట్ట ఎక్కేవారు. చరిత్రకారులు ఈగ ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టడానికి ఒప్పుకోరు. పాత దాడులు, యుద్ధాలు కూడా ఆ లోయలను ఖాళీ చేశాయంటారు. రెండూ నిజమే కావచ్చు.

1974లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో ఏడు దేశాల్లో ఈగ మీద దండయాత్ర మొదలైంది. కేంద్రం దేశ రాజధాని వగడూగు నగరమే. హెలికాప్టర్లు, చిన్న విమానాలు నదుల వెంట ఎగురుతూ వారం వారం మందు చల్లేవి, లార్వాను నీళ్లలోనే చంపడానికి. 1987 తర్వాత ఒంట్లోని పురుగు పిల్లలను చంపే ఐవర్‌మెక్టిన్ మాత్ర తోడైంది, తయారుచేసిన కంపెనీ ఉచితంగా ఇచ్చింది. 2002లో కార్యక్రమం ముగిసేసరికి పదకొండు దేశాల్లో కలిపి రెండున్నర కోట్ల హెక్టార్ల నేల మళ్లీ మనిషి ఉండటానికి పనికొచ్చిందని లెక్క చెప్పారు.

అదే 1974లో ప్రభుత్వం ఆ లోయల్లో రైతులను స్థిరపరచడానికి ఒక సంస్థను పెట్టింది. కొలిచి ఇచ్చిన చెక్కలు, పంట మార్పిడి నియమాలు, బీడుకు కూడా చోటు. అన్నీ కాగితం మీద పద్ధతిగా ఉన్నాయి. పద్ధతి ప్రకారం వచ్చిన కుటుంబాలు కొద్ది. ఈగ పోయిందని తెలిసి, ఉత్తరాదిలో కరువుకు తట్టుకోలేక, తమంతట తామే మూటాముల్లె సర్దుకుని వచ్చినవారు ఎన్నో రెట్లు ఎక్కువ. అప్పటికి లోయల్లో పశువులు మేపుకుంటున్న ఫులానీలు, ముందు నుంచీ ఆ నేల మాదనే స్థానికులు, వెనక వచ్చిన మోసీలు. ‘ఖాళీ నేల’ అన్నది ఎంత ఖాళీయో అప్పుడు తెలిసింది.

1984లో అధ్యక్షుడు థామస్ సంకారా దేశం పేరును బుర్కినా ఫాసోగా మార్చాడు. అదే ఏడాది భూమి అంతా ప్రభుత్వానిదని చట్టం చేశాడు. పల్లెల్లో దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. నేల ఎవరికి ఇవ్వాలో ఊరి నేల పెద్దే చెప్పేవాడు. వెనక వచ్చినవాడు ఆయన దగ్గర అడిగి తీసుకున్న చేనులో పంట వేసుకోవచ్చు, చెట్టు మాత్రం నాటకూడదు. చెట్టు నాటడమంటే నేల తనదని చెప్పడం. మన దగ్గర కౌలుదారు కొబ్బరి మొక్క పెడతానంటే ఆసామి ఎలా చూస్తాడో అలాగే. గ్రామీణ భూహక్కుల మీద 2009లో వేరే చట్టం వచ్చి ఊరి కట్టుబాటుకు కొంత గుర్తింపునిచ్చింది.

నైరుతిలో సాగు పెరగడానికి ఈగ కంటే పత్తి పెద్ద కారణం. ఇక్కడ త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే తెలుగు పాఠకులకు ఈ కథ మలుపులు కొత్త కాదు. పత్తి సంస్థ విత్తనం, ఎరువు, మందు అప్పుగా ఇస్తుంది, పంట తీసుకునేటప్పుడు మినహాయించుకుంటుంది. ఆ అప్పుతోనే ఎద్దులు, నాగలి వచ్చాయి. చేతి పారతో రెండు హెక్టార్లు చేసే ఇల్లు కాడి ఎద్దులతో దానికి రెట్టింపు చేస్తుంది. నాగలి దిగుబడిని పెంచడం కన్నా పొలం హద్దును పెంచడమే ఎక్కువ చేసింది. 2005-06లో పత్తి దిగుబడి 7 లక్షల టన్నులు దాటింది. ఆ రోజుల్లో ఆఫ్రికాలో పత్తి పండించే దేశాల్లో బుర్కినాది ముందు వరుస. 2008లో బీటీ పత్తి వచ్చింది, 2016కల్లా దాన్ని వదిలేశారు. పురుగు వల్ల కాదు, దూది పోగు పొట్టిదై మార్కెట్లో ధర పడిపోవడం వల్ల. ఇంకొకటి కూడా ఉంది. 2002లో పొరుగున ఐవరీ కోస్ట్‌లో అంతర్యుద్ధం మొదలయ్యాక, అక్కడి కోకో తోటల్లో పనిచేస్తున్న బుర్కినా వాళ్లు లక్షల సంఖ్యలో వెనక్కి వచ్చారు. వారిలో చాలామందికి కావలసింది నేలే.

తెల్లబోయిన నేల

ఉత్తరాదిలో యాతెంగా అనే ప్రాంతం. ముఖ్య పట్టణం వహిగూయా. 1968 నుంచి 1973 దాకా, మళ్లీ 1984లో వచ్చిన కరువులు ఇక్కడ చేసింది చేనును ఎండబెట్టడం వరకే కాదు. పై మట్టి గాలికీ వరదకీ పోయి, మిగిలిన నేల పైపొర సిమెంటులా బిగుసుకుంది. వాన పడితే ఇంకదు, జారిపోతుంది. విత్తనం వేస్తే గాలికి కొట్టుకుపోతుంది. మోసీల భాషలో దాన్ని ‘జిపెల్లె’ అంటారు. తెల్లగా, బోడిగా మారిన నేల. పట్టిక దృష్టిలో ఇలాంటి నేల వ్యవసాయ భూమిలోంచి బయటకు పోవాలి. ఎప్పుడు పోయిందో, ఎంత పోయిందో ఏ గీతలోనూ కనిపించదు. దక్షిణాన పెరిగిన సాగు ఉత్తరాన చచ్చిన నేలను కప్పేసింది.

దీన్ని ఆపడానికి మొదట వచ్చినవి బుల్‌డోజర్లు. 1962-65 మధ్య ఒక యూరోపియన్ పథకం కింద యంత్రాలు యాతెంగాలో 1,20,000 హెక్టార్లలో మట్టి కట్టలు పోశాయి. రైతులను అడగలేదు. ఆ కట్టలు నీటిని మొత్తంగా మళ్లించాయి, చేలకు తడి అందలేదు. రైతులు వాటిని పట్టించుకోలేదు, కొన్నేళ్లలో కరిగిపోయాయి. ఇంత పెద్ద పని ఇంత శుభ్రంగా మాయమైన ఉదాహరణలు తక్కువ.

1970ల చివర ఆక్స్‌ఫామ్ అనే స్వచ్ఛంద సంస్థ చిన్న ప్రాజెక్టు ఒకటి మొదలుపెట్టింది. అప్పటికే రైతులు రాళ్లు వరుసగా పేర్చి వాననీటిని నెమ్మదింపజేసే అలవాటు అక్కడ ఉంది. చిక్కల్లా మట్టం చూడటంలో. నేల దాదాపు చదును, ఏ వైపు వాలుందో కంటికి తెలియదు. రాళ్ల వరుస వాలుకు సరిగ్గా అడ్డంగా పడకపోతే నీరంతా ఒక చివరకు చేరి గండి కొడుతుంది. దానికి దొరికిన విరుగుడు ఒక పారదర్శకమైన రబ్బరు గొట్టం, రెండు కర్రలు, కాసిని నీళ్లు. మన తాపీ మేస్త్రీలు పునాది మట్టం చూసుకునే పరికరమే. ఒక్క రోజులో ఎవరైనా నేర్చుకోవచ్చు, చదువు అక్కర్లేదు. ఆ గొట్టం వేల హెక్టార్లకు రాతి గట్లు వేయించింది.

ఆ కాలంలోనే యకూబా సవదోగో అనే రైతు గూర్గా అనే ఊళ్లో పాత ‘జాయ్’ పద్ధతిని మార్చి చూస్తున్నాడు. జాయ్ అంటే గుంత. ఎండాకాలంలో, నేల రాయిలా ఉన్నప్పుడు, ‘దాబా’ అనే పొట్టి పారతో జానెడు కంటే కాస్త వెడల్పు, బెత్తెడు పైగా లోతుతో గుంతలు తీస్తారు. హెక్టారుకు పది వేలకు పైనే. తీసిన మట్టిని గుంతకు దిగువ వైపు చంద్రవంకలా పోస్తారు. గుంతలో పిడికెడు పేడ ఎరువు. సవదోగో చేసిన మార్పులు రెండు: గుంత పెద్దది చేయడం, అందులో పేడ వేయడం. పేడ వాసనకు చెదలు వస్తాయి. రైతుకు చెద శత్రువని మనం అనుకుంటాం. ఇక్కడ అది కూలి అడగని పాలేరు. బిగుసుకున్న నేలను అడుగున తొలుస్తుంది, వాన పడగానే నీరు ఆ సొరంగాల్లోంచి దిగుతుంది. తొలకరికి ముందే గుంతలో జొన్న గింజలు వేసి ఉంచుతారు. ఏమీ పండని నేలలో, వాన సరిగా లేని ఏడు కూడా హెక్టారుకు 300-400 కిలోలు, మంచి ఏడు 1,500 కిలోల దాకా గింజ వస్తుంది. పని మాత్రం చెమట తాగుతుంది. హెక్టారుకు వందల గంటలు, నడినెత్తిన ఎండలో.

పేడతో పాటు చెట్ల గింజలు కూడా గుంతల్లోకి వచ్చాయి. జొన్న మధ్య మొలకలు లేచాయి. సవదోగో వాటిని పీకలేదు. అలా ఒకప్పటి తెల్లనేల మీద పాతిక హెక్టార్లకు పైగా అడవి లేచింది. 2018లో ఆయనకు రైట్ లైవ్లీహుడ్ పురస్కారం, 2020లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ పురస్కారం వచ్చాయి. 2023 డిసెంబరులో కన్నుమూశాడు. బతికుండగానే వహిగూయా పట్టణం పెరిగి, ఇళ్ల స్థలాల ప్లాను ఆ అడవిలోకి వచ్చింది. నలభై ఏళ్లు పెంచిన అడవి మీద ఆయనకు చూపించుకోవడానికి పట్టా కాగితం లేదు.

దేశపు నడిమి పీఠభూమి మీద ఇలా జాయ్ గుంతలు, రాతి గట్లతో తిరిగి లేచిన నేల 2 లక్షల నుంచి 3 లక్షల హెక్టార్లని అంచనా. పట్టిక దీన్ని ఎలా చూస్తుంది? దున్నే భూమి పెరిగింది అని. నైరుతిలో ఒకరు వంద చెట్లు కొట్టి పత్తి వేసినా, యాతెంగాలో ఒకరు చచ్చిన నేలను బతికించినా, ఆ గడిలో పడే గింజ ఒకటే. సవదోగో అడవిలా చెట్లు దట్టమై సేద్యం ఆగిపోతే, అది ‘వ్యవసాయ భూమి తగ్గుదల’.

కొలిచేవాడి కష్టం

అంకెల వాళ్లను ఊరికే తిట్టడం అన్యాయం. మన అడంగల్, పహాణీ ఎన్ని తప్పులతో ఉన్నా, సర్వే నంబరు వారీగా ఏ చెక్కలో ఏముందో రాసే ఒక పుస్తకం. బుర్కినా పల్లెల్లో అలాంటిది లేదు. ఏటా కొన్ని ఊళ్లను, ఊరికి కొన్ని కుటుంబాలను ఎంచుకుని, వాళ్ల చేల చుట్టూ తిరిగి కొలిచి, దాన్నుంచి దేశం మొత్తానికి గుణిస్తారు. చేను నలుచదరంగా ఉండదు, చెట్టు చుట్టూ వంకర తిరుగుతుంది, మధ్యలో అత్తగారి వేరుశనగ చెక్క వేరే ఉంటుంది. కొలవని ఏళ్లకు అంచనా వేస్తారు. ఆ అంచనాలు రోమ్‌లోని ఆహార, వ్యవసాయ సంస్థ ప్రధాన కార్యాలయానికి వెళ్లి పట్టికలో పడేసరికి కొలిచినదీ అంచనా కట్టినదీ ఒకే అక్షరాల్లో కనిపిస్తాయి. పక్కన చిన్న గుర్తు ఉంటుంది, చూసేవాడు తక్కువ.

ఉపగ్రహం ఉంది కదా అనవచ్చు. 1972 నుంచి లాండ్‌శాట్ అనే అమెరికా ఉపగ్రహాల చిత్రాలున్నాయి. చిక్కు ఏమిటంటే, చెట్లున్న చేనునూ చెట్లున్న బీడునూ పైనుంచి చూసి వేరు చేయడం కంప్యూటరుకు తేలిక కాదు. పశ్చిమ ఆఫ్రికా దేశాల నిపుణులు, అమెరికా భూగర్భ సర్వే సంస్థ కలిసి చేసిన పనిలో అందుకే మనిషి కన్నునే నమ్ముకున్నారు. మొత్తం ప్రాంతం మీద రెండు కిలోమీటర్లకు ఒక చుక్క పెట్టి, 1975, 2000, 2013 చిత్రాల్లో ఒక్కో చుక్క కింద ఏముందో నిపుణులు కూర్చుని చూసి రాశారు. ఆ లెక్కలో పశ్చిమ ఆఫ్రికా మొత్తం మీద సాగు భూమి 1975 నుంచి 2013 మధ్య రెట్టింపయింది. మొత్తం నేలలో 22 శాతం దాటింది. ఈ లెక్కను పట్టికతో పోల్చి ఏది ఒప్పు అని అడగడం వల్ల లాభం లేదు. ఇది చేలు అల్లుకున్న ప్రాంతాన్ని చూస్తోంది, చేల నడుమ ఉన్న లేత బీడు కూడా అందులోకే వస్తుంది. ఆ పట్టిక చేసేది నిర్వచనం ప్రకారం భూమిని ఖాతాల్లో వేయడం. రెండూ మాట్లాడుతున్నది ఒకే నేల గురించి అయినా, అడిగిన ప్రశ్నలు వేరు.

నేల కంటే ఆ నేల మీది ఇంటిని కొలవాలనుకున్నవారూ ఉన్నారు. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్, అంటే మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ, 1975లోనే అప్పర్ వోల్టాలో జొన్న, సజ్జల పని మొదలుపెట్టింది. అప్పటి పాలమూరు జిల్లా అవురుపల్లిలో రైతు కుటుంబాల దగ్గర ఏళ్ల తరబడి కూర్చుని ఏ చెక్కలో ఏం వేశారు, ఎవరు కూలికి వెళ్లారు, ఎంత అప్పు అని రాసుకున్నట్టే, 1980లలో బుర్కినా పల్లెల్లోనూ రాసుకున్నారు. ఇలాంటి పుస్తకాల్లో కనిపించే బీడు, దేశం మొత్తం పట్టికలో కనిపించదు.

2015 తర్వాత లెక్క ఇంకా జటిలమైంది. సాయుధ ముఠాల దాడులతో ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో ఊళ్లకు ఊళ్లు లేచిపోయాయి. 2023 మార్చి నాటికి దేశం లోపలే ఇల్లు విడిచినవారు 20 లక్షలు దాటారు. ప్రతి పది మందిలో ఒకరు. యాతెంగాలో జాయ్ గుంతలు తీసిన ఊళ్లూ వాటిలో ఉన్నాయి. సర్వే చేసేవారు అక్కడికి వెళ్లలేరు. వెళ్లలేని చోట అంకె ఎలా పుడుతుందో పైన చెప్పుకున్నాం.

విడిచి వెళ్లిన చేలలో బీడు పడితే ఏం జరుగుతుందో అదే జరుగుతుంది. మొదటి ఏడు కలుపు, రెండో ఏడు పొడుగాటి గడ్డి, ఆ తర్వాత పొదలు, పొదల నీడలో నాగలి తగలని షియా మొలకలు. ఉపగ్రహం కంటికి అది పచ్చదనం. ఐదేళ్లు దాటితే నిర్వచనం ప్రకారం దున్నే భూమిలోంచి తీసేయాలి. 2019లో వదిలేసిన చేనుకు ఆ గడువు ఇప్పటికే తీరిపోయింది.